కాలువ గట్టు ఊరికి భద్రతా ప్రణాళిక: నా అనుభవం

గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికను ఊరివాళ్లే కూర్చుని రాసుకోవాలని చట్టం చెబుతుంది. ఆ రాతపనిలో, అందులోనూ ప్రజల ప్రాణరక్షణకు సంబంధించిన భాగంలో, గ్రామసభలో మొదటి ప్రస్తావన వచ్చిన నాటి నుంచి పనులు నేల మీదికి వచ్చేదాకా పాలుపంచుకున్నాను. నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఇంజినీరింగు చదవలేదు, ఏ పార్టీలోనూ లేను. మా ఊరు కోనసీమలో, గోదావరి మధ్య డెల్టాలో ఉంది. ఒక పక్క వైనతేయ పాయ ఏటిగట్టు, ఇంకో పక్క పెద్ద పంట కాలువ, రెంటి నడుమ ఇళ్లు, వరి చేలు, కొబ్బరి తోటలు. ఊరి పేరు రాయడం లేదు. కొన్ని కార్యాలయాల గురించి నిష్ఠూరంగా చెప్పవలసిన మాటలు ముందున్నాయి. పైగా ఇక్కడ రాసినదాంట్లో చాలా భాగం డెల్టాలోని ఏ కాలువ గట్టు ఊరికైనా వర్తిస్తుంది.

2022 జూలైలో వచ్చిన వరదే దీనికి మూలం. ధవళేశ్వరం వద్ద 25 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం నమోదైన ఆ రోజులలో నది మధ్య దీవుల్లోని లంక గ్రామాల జనం పడవలలో ఏటిగట్టుకు చేరి, అక్కడి నుంచి మా ఊరి మీదుగా పునరావాస కేంద్రాలకు వెళ్లారు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు గట్లు తెగిన సంగతి తెలిసిన పెద్దవాళ్లు ఈసారి గట్టు మీదే కాపలా పడుకున్నారు. గట్టు నిలిచింది. అయితే గట్టు దిగిన తరువాత, కాలువ వెంట చీకట్లో, వానలో, పశువులను తోలుకుంటూ జనం నడిచిన ఆ సన్నని రోడ్డును చూసినవారికి అసలు ప్రమాదం ఎక్కడుందో అర్థమైంది. మరుసటి ఏడాది ప్రణాళిక గ్రామసభలో డ్వాక్రా సంఘం నాయకురాలు ఒకామె లేచి, "రోడ్లు వేస్తున్నారు, సంతోషమే. ఆ రోడ్డు మీద రాత్రి పూట ఇంటికి క్షేమంగా చేరే పూచీ ఎవరిదండీ?" అని అడిగారు. ఆ ప్రశ్నను తీర్మానాల పుస్తకంలో ఎక్కించాలని పట్టుబట్టిన వారిలో నేను ఒకణ్ణి. అందుకే కాబోలు, ప్రణాళికలో భద్రత భాగం రాయడానికి వేసిన కమిటీలో నన్ను కూడా వేశారు.

అంతకు ముందు మా ప్రణాళికలు ఎలా ఉండేవో చెప్పాలి. పంచాయతీలకు అధికారాలిచ్చిన రాజ్యాంగ 73వ సవరణ 1993లో అమలులోకి వచ్చినా, మా ఊరికి ప్రణాళిక అంటే సిమెంటు రోడ్డు, మురుగు కాలువ, మంచినీటి పైపు, వీధి దీపం అనే నాలుగు మాటల జాబితాగానే ఉండేది. ఏ వార్డు సభ్యుడికి ఎంత అన్న పంపకం పూర్తయితే ప్రణాళిక పూర్తయినట్టే. ఏటా అక్టోబరు 2న ప్రచారం మొదలుపెట్టి, గ్రామసభ జరిపి, ఆమోదించిన పనులను ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో ఎక్కించాలి. ఆ పోర్టల్‌లో తొమ్మిది ఇతివృత్తాలున్నాయి. వాటిలో ఏడవది సామాజిక భద్రత అయినా, అది పింఛన్లకు, సంక్షేమానికి సంబంధించినది. కాలువలో పడిపోయే వాహనాలకు, చీకటి సందులకు, ఫైరింజను వెళ్లలేని వీధులకు వేరే గడి లేదు. మా పనులలో కొన్నిటిని ఆరవదైన మౌలిక వసతుల కిందా, కొన్నిటిని తొమ్మిదవదైన మహిళలకు అనుకూలమైన గ్రామం కిందా సర్దించాము. పంచాయతీ కార్యదర్శి చురుకైన యువకుడు కావడం మా అదృష్టం. ఏ పనిని ఏ గడిలో పెడితే నిధి దొరుకుతుందో ఆయనకు కంఠతా వచ్చు.

మొదటి పని పటం గీయడం. గ్రామ సచివాలయంలోని సర్వేయరు దగ్గర సర్వే నంబర్లతో కచ్చితమైన పటం ఉంది. అందులో ఎవరి భూమి ఎంతో తెలుస్తుంది గాని ఎవరు ఏ వేళకు ఎటు నడుస్తారో తెలియదు. అందుచేత బడి ఆవరణలో ముగ్గుపిండితో ఊరిని గీయమని ఆడవాళ్లనే అడిగాము. ఊరి రూపం రాగానే, భయం వేసే చోట కుంకుమ, ప్రమాదం జరిగిన చోట బొగ్గు పెట్టమన్నాము. మగవాళ్లు అదే పనిని విడిగా చేశారు. రెండు పటాలూ పక్కపక్కన చూసినప్పుడు ఒకే ఊరివని నమ్మడం కష్టమైంది. మగవాళ్ల గుర్తులన్నీ పెద్ద రోడ్డు మీద, పాత వంతెన మలుపు దగ్గర, వరి కోత యంత్రాలకు తగిలేంత కిందికి వేలాడే కరెంటు తీగల దగ్గర ఉన్నాయి. ఆడవాళ్ల గుర్తులు బట్టలు ఉతికే రేవు మెట్ల మీద, మూతబడిన రైసు మిల్లు వెనక సందులో, బస్సు దిగి కాలనీకి వెళ్లే పుంతలో (బండి బాటలో) ఉన్నాయి. రైసు మిల్లు సందు గురించి మగవాళ్లలో ఒక్కరికీ తోచలేదు. తెల్లవారుజామున కొబ్బరి పీచు పనికి వెళ్లే ఆడవాళ్లు ఆ సందును తప్పించుకోవడానికి ఎంతో దూరం చుట్టు తిరిగి వెళ్తున్నారని ఆ రోజే ఊరికి తెలిసింది.

తరువాత పటంలోని గుర్తుల వెంట నడిచాము. పగలు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి, మంచు కురిసే పుష్యమాసపు ఉదయాన ఇంకొకసారి. మహిళా పోలీసు, ఆశా కార్యకర్త, ఆటో నడిపే ఇద్దరు కుర్రవాళ్లు, జలవనరుల శాఖలో లస్కరుగా (కాలువ కాపలాదారుగా) చేసి పదవీ విరమణ పొందిన ఒక పెద్దాయన, కళ్లు సరిగా కనిపించని ఒక ముసలమ్మ మాతో నడిచారు. ఆ ముసలమ్మను రమ్మని పిలిచింది నేనే. ఆమె ఎక్కడ కర్ర ఆనించి ఆగిందో అక్కడ గట్టు అంచు కోసుకుపోయి ఉందని మాకు వెంటనే తెలిసేది. డెల్టాలో చలికాలపు మంచు కురిసిందంటే, కాలువ ఏదో రోడ్డు ఏదో వాహనం నడిపేవాడికి తెలియదు. సంక్రాంతికి హైదరాబాదు నుంచి కార్లలో వచ్చేవారికి ఈ రోడ్లు కొత్త. పండుగ రోజులలో కారు కాలువలో పడిందన్న వార్త లేకుండా ఏడాది గడవడం మా ప్రాంతంలో అరుదు. ఆ ఉదయం పాత వంతెన మలుపులో నిలబడి, ఎదురుగా వచ్చే ఆటో దీపం ఎంత దూరంలో కనబడుతుందో అడుగులతో కొలిచాము. ఆ కొలత తీసుకున్నాకే మలుపుకు ముందు రిఫ్లెక్టర్లు ఎక్కడ పాతాలన్నది తేలింది.

వీధి దీపాల విషయంలో కూడా నడకే మా కళ్లు తెరిపించింది. దీపాలు లేని చోట పంచాయతీ అశ్రద్ధ కారణమనుకుంటాము. గట్టు రోడ్డు పొడవునా కరెంటు స్తంభాలు బారులు తీరి ఉన్నా, వాటి మీద ఉన్నది 11 కేవీ లైను మాత్రమే. దీపాలకు కావలసిన తక్కువ ఓల్టేజి తీగ అక్కడ లేదు. అంటే దీపం కొనడం ఒక్కటే చాలదు, లైను వేయించాలి, దాని అంచనా విద్యుత్ పంపిణీ సంస్థ ఇవ్వాలి, సొమ్ము పంచాయతీ కట్టాలి. సచివాలయంలోని ఎనర్జీ అసిస్టెంటు స్తంభాలన్నీ లెక్కపెట్టి ఎక్కడ లైను ఉందో, ఎక్కడ లేదో పటంలో రాసి ఇచ్చాడు. గుడి చుట్టూ, పెద్ద వీధిలో అవసరానికి మించి ఉన్న దీపాలను తీసి రైసు మిల్లు సందులోకి మార్చడానికి మాత్రం కొత్త లైను అక్కరలేదు. అయితే అది అన్నిటికన్నా కష్టమైన పని అయింది. ఇంటి ముందు దీపం తీస్తే ఏ ఇంటాయన ఊరుకుంటాడు?

ఇక లెక్కల సంగతి. పాత వంతెన మలుపులో ఇనుప రక్షణ కంచె వేయమని అర్జీ పెడితే, అది బ్లాక్ స్పాట్ (ప్రమాదాలు తరచూ జరిగే చోటు) జాబితాలో ఉందా అన్నది మొదటి ప్రశ్న. కేంద్ర రోడ్డు రవాణా శాఖ జాతీయ రహదారులకు పెట్టిన కొలత ప్రకారం, సుమారు 500 మీటర్ల రోడ్డులో మూడేళ్ల వ్యవధిలో ప్రాణం తీసినవి గానీ తీవ్రంగా గాయపరచినవి గానీ అయిన ప్రమాదాలు 5 జరగాలి, లేదా మరణాలు 10 ఉండాలి. మా దగ్గర కూడా ఆ కొలతతోనే తూచారు. గట్టు రోడ్డులో ప్రమాదాలు ఒకే చోట కుప్పగా పడవు. కాలువ పొడవునా, ఈ ఏడు ఇక్కడ, పై ఏడు అక్కడ జరుగుతాయి. అందుచేత ఏ ముక్కా ఆ సంఖ్యను అందుకోదు. ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. సైకిలు మీద వెళ్తూ చీకట్లో కాలువలో పడి మునిగిపోయిన మనిషి కేసు చాలాసార్లు నీట మునిగిన మరణంగా ఒక పుస్తకంలోకి, లారీ గుద్దిన కేసు రోడ్డు ప్రమాదంగా మరో పుస్తకంలోకి పోతాయి. రేవులో కాలు జారి పోయినవారూ మొదటి పుస్తకంలోనే ఉంటారు. పోలీసులు ఈ మధ్య రోడ్డు ప్రమాదాలను చరవాణిలోని ఐరాడ్ యాప్‌లో స్థలంతో సహా ఎక్కిస్తున్నారు గాని, మునకల మరణాలు అందులోకి రావు. మేము స్టేషనుకు వెళ్లి, ఎస్సై గారి అనుమతితో రెండు పుస్తకాలలోని స్థలాలను, మనుషుల పేర్లు లేకుండా, ఒకే పటం మీదికి ఎక్కించాము. ఆ పటం చూపించాకే మండల కార్యాలయంలో మా మాటను పట్టించుకున్నారు. కోనసీమలో రోడ్డు భద్రతను, నీటి భద్రతను వేరు వేరు శాఖలు వేరుగా లెక్కించినంత కాలం రెండూ చిన్నవిగానే కనబడతాయని నా అభిప్రాయం.

అర్జీలో ఇంకొక వాక్యం కూడా చేర్చాము. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం, రోడ్డు రూపకల్పనలో, నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణం గానీ వైకల్యం గానీ కలిగితే బాధ్యులైన సంస్థకు, గుత్తేదారుకు లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఆ 198ఎ సెక్షనును ఉటంకించిన తరువాత మా ఫైలు నడిచే వేగం కొంచెం మారిందని చెప్పక తప్పదు.

కాలువ ఎవరిది, గట్టు ఎవరిది, రోడ్డు ఎవరిది అన్న ప్రశ్న వచ్చేసరికి అసలు బండి అక్కడ ఆగింది. కాలువ, గట్టు జలవనరుల శాఖవి. గట్టు మీది తారు రోడ్డు ఒక భాగం రోడ్లు భవనాల శాఖది, మిగిలినది పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ శాఖది. స్తంభాలు విద్యుత్ సంస్థవి. స్తంభం మీది దీపం పంచాయతీది. రేవు మెట్లు ఎప్పుడో ఒక దాత కట్టించినవి, ఇప్పుడు ఎవరివీ కావు. కాలువ వెంట పిట్టగోడ కట్టాలని ఊరంతా ఏకకంఠంతో కోరింది. జలవనరుల శాఖ ఒప్పుకోలేదు. ఆ శాఖ అడ్డుపడుతోందని కమిటీలో కేకలు పడుతుండగా మా లస్కరు పెద్దాయనే లేచాడు.

"ఆయ్, గోడ కట్టేత్తే పూడిక తీసే పొక్లెయినుని ఎక్కణ్ణుంచి దింపుతారండీ? పూడిక తియ్యకపోతే నీరు గట్టు మీదికొత్తాది. అప్పుడు గోడా ఉండదు, రోడ్డూ ఉండదు మాస్టారూ."

ఆ మాటతో చర్చ దారి మారింది. పొడవాటి గోడ కాకుండా, మలుపుల దగ్గర మాత్రమే ఇనుప కంచె, మిగిలిన చోట్ల సున్నం, నల్లరంగు పట్టీలతో గార్డు రాళ్లు, యంత్రం దిగవలసిన చోట్ల ఊడదీయగలిగిన గొలుసు, ఇలా ప్రతి ముక్కకూ వేరే పరిష్కారం రాసుకున్నాము. దానికి శాఖ ఇంజినీరు నిరభ్యంతర పత్రం ఇచ్చారు. గట్టుకు ఆనుకుని రాయి పరచడం, మెట్లు కట్టడం వంటివి నీరున్నప్పుడు చేయలేము. సాధారణంగా ఏప్రిల్‌లో కాలువలు కట్టేసి (నీరు ఆపేసి) జూన్‌లో మళ్లీ వదులుతారు. ఆ వ్యవధిలో చేయలేని పని మరుసటి ఏడాదికే పోతుంది. పంచాయతీ తీర్మానం, మండల ఇంజినీరు అంచనా, జిల్లా ఆమోదం, ఇవన్నీ మార్చి లోపు పూర్తి కావాలంటే అక్టోబరు గ్రామసభలో ప్రస్తావన రావాలి. ప్రణాళిక క్యాలెండరుకూ కాలువ క్యాలెండరుకూ పొంతన కుదర్చడమే మా కమిటీ చేసిన అతి ముఖ్యమైన పని అని ఇప్పటికీ అనుకుంటాను.

స్పీడు బ్రేకర్ల గురించి రెండు మాటలు. ప్రమాదం జరిగిన మర్నాడే కుర్రవాళ్లు రోడ్డుకు అడ్డంగా సిమెంటు దిమ్మ పోయడం మా దగ్గర ఆనవాయితీ. 108 వాహనంలో కాన్పుకు వెళ్లే తల్లి ఆ దిమ్మల మీద పడే బాధ ఆశా కార్యకర్త చెబితే అందరం మౌనంగా విన్నాము. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గంటకు 25 కిలోమీటర్ల వేగానికి వేసే స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో, వంపుగా ఉండాలి. బడి దగ్గర ఆ కొలతతో ఒకటి వేయించి, తక్కినవి తీయించాము.

అగ్నిప్రమాదాల సంగతి నేను అంతకు ముందు ఎన్నడూ ఆలోచించని కోణంలో బయటపడింది. ఊళ్లో నీటికి లోటేముంది, ఇంటి ముందే కాలువ ఉంది కదా అన్నది అందరి ధీమా. తాటాకు ఇళ్లు, గడ్డివాములు, కొబ్బరి పీచు గుట్టలు అంటుకునేది ఎక్కువగా ఎండాకాలంలో. సరిగ్గా ఆ నెలలలోనే కాలువ కట్టేసి ఉంటుంది. అప్పుడు ఊరికి మిగిలే నీరు, కాలువలు కట్టేయడానికి ముందు నింపి పెట్టుకున్న మంచినీటి చెరువు, తోటల్లోని బోర్లు. చెరువు గట్టు మీదికి ఫైరింజను ఎక్కే దారి లేదు, చుట్టూ ఇనుప కంచె. అగ్నిమాపక కేంద్రం అధికారిని పిలిచి చూపిస్తే, వాహనం నిలిచేందుకు గట్టి నేల, గొట్టం వేసేందుకు ఒక గేటు, ఇవి ఉంటే చాలన్నారు. ఖర్చు పెద్దది కాదు. కాలనీలోని వీధులు మాత్రం ఇప్పటికీ ఫైరింజను తిరగలేనంత ఇరుకుగానే ఉన్నాయి. దానికి ప్రణాళికలో పరిష్కారం రాయలేకపోయాము. వీధి చివరి బోర్లకు గొట్టం తగిలించే ఏర్పాటు, పీచు గుట్టలు ఇళ్లకు దూరంగా వేయాలన్న తీర్మానం, అంతవరకే.

గ్యాస్ పైపులైను విషయం రాగానే సభ నిశ్శబ్దమైంది. 2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయిన సంగతి, 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండిన సంగతి కోనసీమలో ఎవరికీ గుర్తు చేయనక్కరలేదు. మా ఊరి పొలాల్లో కూడా ఒక లైను వెళ్తుంది. 1962 నాటి పైపులైన్ల చట్టం ప్రకారం ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, చెరువు తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. లైను పడి చాలా ఏళ్లు కావడంతో గుర్తు రాళ్లు కొన్ని కూలిపోయాయి, కొన్నిటి మీద కొబ్బరి మట్టలు ఆరవేస్తున్నారు, భూమి చేతులు మారినప్పుడు కొన్నవారికి అమ్మినవారు ఆ సంగతి చెప్పలేదు. మేము చేసిందల్లా ఆ పట్టీని సర్వే పటం మీద ఎర్రగా గీయించి సచివాలయం గోడకు తగిలించడం, రాళ్లు మళ్లీ పాతమని సంస్థకు రాయడం. వాసన వస్తే స్విచ్చి వేయకూడదని, వాహనం స్టార్టు చేయకూడదని, గాలికి ఎదురుగా గానీ అడ్డంగా గానీ దూరం వెళ్లి 112కు చెప్పాలని బడిపిల్లలకు సాధన చేయించాము. పిల్లలు ఇంట్లో చెప్పినంత గట్టిగా ఏ కరపత్రమూ చెప్పలేదు.

ఇంతవరకు ఊరి హద్దులలోని సంగతులు. హద్దు దాటిన చోటే నాకు ఎక్కువ నేర్పిన భాగం ఉంది. వరదలో మా రోడ్డు మీద నడిచినవారు మా ఊరివారు కారు, లంకల వారు. పి.గన్నవరం దగ్గర ఊడిమూడిలంక, బూరుగులంక వంటి చోట్ల వరద సీజనులో పడవే దిక్కు. కనకాయలంక కాజ్‌వే ఏటా మునిగే సంగతి అందరికీ తెలిసిందే. ధవళేశ్వరం వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు, రెండవది 13.75కు, మూడవది 17.75కు ఇస్తారు. లంకలవాళ్లు ఆ అడుగులను చూసి కాదు, తమ కాజ్‌వే మీద నీరు ఎంత ఎక్కిందో చూసి కదులుతారు. ధవళేశ్వరంలో ఎన్ని అడుగులుంటే ఏ కాజ్‌వే మునుగుతుందో పడవ నడిపేవారికి నోటి లెక్కగా తెలుసు. ఆ లెక్కను రాసిపెట్టి, ఏ హెచ్చరికకు ఏ లంకవారు మా గట్టుకు వస్తారో, వారికి గట్టు మీద దీపాలు, పశువులకు చోటు, కిందికి దిగే ర్యాంపు ఎక్కడ ఉండాలో మా ప్రణాళికలోనే రాశాము. మా నిధులతో వేరే పంచాయతీవారికి ర్యాంపు ఎందుకని గ్రామసభలో అడిగినవారు లేకపోలేదు. 1996 నవంబరు 6 తుపాను రాత్రి మనల్ని ఎవరు ఆదుకున్నారని ఒక పెద్దామె ఎదురు ప్రశ్న వేసింది. ఆ తుపానులో కూలిన కొబ్బరి చెట్లు, స్తంభాలు అడ్డంపడి రోడ్లన్నీ మూసుకుపోయాయి. ఆ అనుభవంతోనే పునరావాస కేంద్రమైన ఉన్నత పాఠశాలకు రెండు దారులు ఉండాలని, రెండవది తోటలు లేని చేల మీదుగా పోవాలని రాసుకున్నాము.

ఆ రెండవ దారి దగ్గరే తగాదా వచ్చింది. పల్లంలో ఉన్న ఆ పుంతను ఎత్తు చేస్తే వరదలో నడవవచ్చు. పుంత ఎత్తు పెరిగితే ఎగువ ఊరి చేల నీరు డ్రెయినులోకి దిగదు, వరి కుళ్లిపోతుంది. ఎగువ ఊరివాళ్లు మండల కార్యాలయానికి వచ్చి, మీ ప్రాణాలు కాపాడుకోవడానికి మా చేలు ముంచుతారా అని నిలదీశారు. వారి మాటలో న్యాయముంది. రొయ్యల చెరువుల గట్లతో ఆ డ్రెయిను అప్పటికే సగం మూసుకుపోయింది. చివరికి పుంతను అనుకున్నంత ఎత్తు కాకుండా కొంత తగ్గించి, తూముల సంఖ్య పెంచి, డ్రెయిను పూడిక తీతను ఎగువ ఊరి ప్రణాళికలో, పుంత పనిని మా ప్రణాళికలో పెట్టి, రెండూ ఒకే వేసవిలో జరగాలని మండల స్థాయిలో రాయించుకున్నాము. ఊళ్ల ప్రణాళికలు, పట్టణాల ప్రణాళికలు జిల్లా ప్రణాళికా కమిటీలో ఒకచోట కలవాలని రాజ్యాంగం 243 జెడ్‌డి అధికరణంలో ఉన్నది. అది పై స్థాయిలో ఎలా జరుగుతుందో గాని, మండల కార్యాలయం వరండాలో రెండు ఊళ్ల రైతులు చాపల మీద పటం పరచుకుని తూముల కొలతలు తేల్చుకోవడం మాత్రం నేను కళ్లారా చూశాను.

అమలాపురం వైపు నుంచి వస్తున్న వెంచర్లు మరో తలనొప్పి. చేలను పూడ్చి ప్లాట్లు వేస్తున్నారు. అనుమతి ఉన్న లేఅవుటులో 10 శాతం ఖాళీ స్థలం వదలాలి, రోడ్ల వెడల్పుకు నిబంధన ఉంది. అనుమతి లేని వాటిలో అవేవీ ఉండవు, బోదెలు (పొలాల పిల్లకాలువలు) కూడా పూడిపోతాయి. ఇలాంటి చోట పంచాయతీకి ఉన్న బలం తక్కువ. నీటి కనెక్షను, దీపాలు ఇచ్చే ముందు బోదె తెరిచి ఉందా, ఫైరింజను తిరిగే మలుపు ఉందా అన్నది చూడాలని తీర్మానం చేశాము. అది ఎంతవరకు నిలుస్తుందో ఎవరు పైరవీ చేస్తారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

నిధుల మాటకొస్తే, 2021-26 కాలపు పదిహేనవ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టుబడి ఉండేది. మిగిలిన 40 శాతంలోనే దీపాలు, గార్డు రాళ్లు, రేవు మెట్లు, చెరువు గేటు సర్దుకున్నాము. పుంత మీద మట్టి పని ఉపాధి హామీలో జరిగింది. దీపాల మార్పిడి పూర్తయింది, రైసు మిల్లు సందులో తెల్లవారుజామున ఆడవాళ్లు నడుస్తున్నారు. రేవు మెట్లకు చేతులతో పట్టుకునే గొలుసు వచ్చింది. 2024 జూలైలో ధవళేశ్వరం వద్ద రెండవ ప్రమాద హెచ్చరిక ఇచ్చినప్పుడు పశువులు కొత్త ర్యాంపు మీదుగా దిగాయి. తూములలో ఒకటి చెత్తతో పూడిపోయిందని ఎగువ ఊరివాళ్లు ఆ వారమే ఫిర్యాదు చేశారు, తీయించాము. పాత వంతెన మలుపులో ఇనుప కంచె మాత్రం ఇంకా రాలేదు. అది రోడ్లు భవనాల శాఖ పరిధిలోది, అంచనా జిల్లా రహదారి భద్రతా కమిటీ ముందు ఉంది. ఈ ఏడాది గ్రామసభకు ఆ ఫైలు నంబరుతో పాటు మునక మరణాల పటాన్ని కూడా తాజాపరచి పట్టుకెళ్లాలని కమిటీ నిర్ణయించింది. పక్క మూడు పంచాయతీల వారిని కూడా అదే కాలువకు తమ పటం గీసుకుని రమ్మని కోరాము.